ఒక్క మెతుకు చాలదు

(చెన్నై టి.నగర్‌లో తెలుగువాళ్ళు నెలకోసారి ఆదివారం సాయంత్రం కూడే సభలో ఒక విశ్రాంత గణిత అధ్యాపకుడు చేసిన ప్రసంగం. రికార్డు విని రాసినది.)

అందరికీ నమస్కారం. మైకు దగ్గరగా పెట్టుకోమంటున్నారు, సరే. 34 ఏళ్ళు మైకు లేకుండా పాఠం చెప్పిన గొంతు ఇది. వెనక వరుస వాళ్ళకు వినపడకపోతే అది నిద్ర వల్లే అనుకుంటాను. (నవ్వులు)

ఈ విషయం ఎందుకు పెట్టుకున్నానో ముందు చెబుతాను. మా అపార్ట్‌మెంట్‌లో పై అంతస్తు ఆయన మొన్న వేసవిలో మా ఇంటికి వచ్చారు. వాళ్ళబ్బాయికి ఎమ్మెస్సీ మ్యాథ్స్‌లో రెండు చోట్ల సీటు వచ్చింది. అమ్మాయికి ఎకనామిక్స్ కావాలి. ఆయన ఫోన్ తీసి ఒక పట్టిక చూపించారు. "మాస్టారూ, ఈ యూనివర్సిటీ రీసెర్చ్ అవుట్‌పుట్ ఎక్కువ, దానిది తక్కువ. ఎక్కువున్న చోట చేర్పించేస్తే సరిపోతుంది కదా?" అన్నారు. ఎక్కువ అంటే ఏమిటండీ అన్నాను. పేపర్ల సంఖ్య అన్నారు. ఆ పేపర్లు దేని మీద అన్నాను. ఆయన ఫోన్ జేబులో పెట్టుకుని కాఫీ తాగారు. నేనూ తాగాను. నిజం చెప్పాలంటే ఆయన అడిగింది సరైన ప్రశ్నే. నా దగ్గరే ఆ పూటకు జవాబు లేదు. అదేదో ఇవాళ మీ అందరి ముందూ చెబుదామని వచ్చాను. ఆయన కూడా వచ్చారు, మూడో వరుసలో ఉన్నారు. (నవ్వులు)

అన్నం ఉడికిందో లేదో తెలియాలంటే ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలంటాం. మా అమ్మ మెతుకు తీసే ముందు గరిటెతో అడుగు నుంచి ఒకసారి కలిపేది. చిన్నప్పుడు గమనించలేదు గానీ, స్టాటిస్టిక్స్ పాఠం చెప్పడం మొదలుపెట్టాక అర్థమైంది, కిటుకంతా ఆ కలపడంలోనే ఉంది. ఒకే బియ్యం, ఒకే ఎసరు, ఒకే మంట, పైగా బాగా కలిపారు. అందుకని ఒక మెతుకు గిన్నె మొత్తానికి సాక్ష్యం చెబుతుంది. ఇప్పుడు మీరు పెళ్ళి వంటశాలకు వెళ్ళి, అన్నం మెతుకు నొక్కి చూసి, "ఉడికింది, అయితే బూరెలు కూడా అయిపోయినట్టే" అంటే వంటాయన గరిటె ఎత్తుతాడు.

విశ్వవిద్యాలయం పెళ్ళి వంటశాల లాంటిది. ఒక మూల రసాయనశాస్త్రం ల్యాబులో పదిమంది కలిసి పనిచేస్తుంటారు. ఒక ప్రయోగం అయ్యేసరికి ఒక పేపరు, దాని మీద పది పేర్లు. ఇంకో మూల గణితం వాడు నాలుగేళ్ళుగా ఒకే లెమ్మా (పెద్ద రుజువుకు మెట్టు లాంటి చిన్న ఫలితం) దగ్గర కూర్చుని ఉంటాడు. ఇంకో మూల సోషియాలజీ అమ్మాయి ఏదో ఊళ్ళో బస్సు కోసం నిలబడి ఉంటుంది. వీళ్ళందరినీ ఒకే పట్టికలో వేసి, పేపర్ల సంఖ్య అనే ఒక్క మెతుకు నొక్కి చూస్తున్నాం.

మెతుకు మాట వచ్చింది కాబట్టి మన స్టాటిస్టిక్స్ మహానుభావుడు సి.ఆర్. రావు గారి సంగతి చెప్పకుండా ముందుకు పోలేను. కల్యంపూడి రాధాకృష్ణారావు. 1920లో బళ్ళారి జిల్లా హడగళిలో పుట్టారు, అప్పట్లో అది మద్రాసు ప్రెసిడెన్సీ. గూడూరు, నూజివీడు, నందిగామ, విశాఖపట్నం, ఇలా తండ్రిగారి పోలీసు ఉద్యోగం ఎక్కడికి పోతే అక్కడ చదువు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం ఎమ్మే. యుద్ధకాలంలో ఉద్యోగం వెతుక్కుంటూ కలకత్తా వెళ్ళారు. ఆ ఉద్యోగం రాలేదు. అక్కడే ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ గురించి తెలిసి అందులో చేరారు.

23 ఏళ్ళ వయసులో కలకత్తా విశ్వవిద్యాలయం ఎమ్మే పిల్లలకు పాఠం చెబుతున్నారు. నమూనా చాలా పెద్దదైనప్పుడు మన అంచనాలో తప్పు ఎంత వరకూ తగ్గగలదో చెప్పే ఇంగ్లండు స్టాటిస్టిక్స్ పండితుడు ఫిషర్ ఫలితం ఆ రోజు పాఠం. ఒక విద్యార్థి లేచి అడిగాడు, నమూనా చిన్నదైతే ఏమిటి, అప్పుడు కూడా ఇలాంటి హద్దు ఉందా అని. రావుగారు ఇంటికి వెళ్ళి దాదాపు రాత్రంతా కూర్చున్నారు. మర్నాడు క్లాసులో ఉందని నిరూపించి చూపించారు.

ఏమిటా హద్దు? మీరు పది మెతుకులు చూసి గిన్నె సంగతి చెప్పారనుకోండి, కొంత తప్పు ఉంటుంది. నలభై చూస్తే మామూలుగా ఆ తప్పు సగానికి తగ్గుతుంది. తప్పు సగం కావాలంటే మెతుకులు నాలుగింతలు కావాలి, అది వేరే కథ. రావుగారు చెప్పింది ఇది: ఇన్ని మెతుకులే చూస్తానన్నప్పుడు, పక్షపాతం లేకుండా కట్టే ఏ అంచనా అయినా, నువ్వు ఎంత తెలివైనవాడివైనా, తప్పు ఇంతకంటే కిందికి దిగదు. కింద ఒక గచ్చు ఉంది. ఆ గచ్చుకే క్రామర్–రావు బౌండ్ అని పేరు. రాడార్ వాళ్ళు, ఆస్పత్రి స్కానర్లు తయారుచేసేవాళ్ళు ఇవాళ్టికీ తమ పద్ధతి ఆ గచ్చుకు ఎంత ఎత్తులో ఉందో కొలుచుకుంటారు.

ఆ వ్యాసం 1945లో కలకత్తా మ్యాథమెటికల్ సొసైటీ బులెటిన్‌లో వచ్చింది. ఇంటర్నేషనల్ ప్రైజ్ ఇన్ స్టాటిస్టిక్స్ 2023లో వచ్చింది. లెక్క వేసుకోండి, 78 ఏళ్ళు. అప్పటికి ఆయనకు 102. అదే ఏడాది ఆగస్టులో పోయారు.

ఇంతకీ ప్రశ్న వేసిన ఆ కుర్రాడు ఎవరనుకున్నారు? వి.ఎం. దాండేకర్. గురువుకు ఇంచుమించు ఈడువాడే. తర్వాత పూణేలో గోఖలే ఇన్‌స్టిట్యూట్‌లో ఆర్థికవేత్త అయ్యారు. 1971లో నీలకంఠ రథ్‌తో కలిసి మన దేశంలో పేదరికం ఎంతో లెక్క కట్టారు. రోజుకు 2,250 కేలరీల తిండి కొనుక్కోలేనివాళ్ళు ఎంతమంది అని, జాతీయ నమూనా సర్వే అంకెలు పట్టుకుని. గణితం క్లాసులో లేచి నిలబడి నమూనా చిన్నదైతే ఎలా అని అడిగినవాడే దేశంలో ఎన్ని కంచాలు ఖాళీగా ఉన్నాయో లెక్కపెట్టాడు. గణితం ఒక బిల్డింగు, సామాజిక శాస్త్రం ఇంకో బిల్డింగు అని మనం గోడలు కట్టుకున్నాం గానీ, ఆ క్లాసురూములో గోడ లేదు.

ఇప్పుడు చెప్పండి, ఆ 1945 వ్యాసం ఎవరి అవుట్‌పుట్? రావుగారు పనిచేసిన చోటుదా? ఎమ్మే చదివిన విశాఖపట్నానిదా? దాండేకర్ ప్రశ్నకు ఏ గడిలో మార్కులు వేస్తాం?

సరే, మద్రాసు సంగతికి వస్తాను. రామానుజన్ 1729 కథ చెప్పను, అది మన ఆటోవాళ్ళకు కూడా తెలుసు. నేను చెప్పేది 75 రూపాయల కథ.

నాది నెల్లూరు. అందుకని ఈ కథ నెల్లూరు నుంచే మొదలుపెడతాను, ఆ మాత్రం స్వార్థం ఉంటుంది కదా. 1910 డిసెంబరులో రామానుజన్ అనే 23 ఏళ్ళ కుర్రాడు చంకలో నలిగిన నోటుపుస్తకం పెట్టుకుని నెల్లూరు కలెక్టర్ దగ్గరకు వచ్చాడు. ఎఫ్.ఎ., అంటే ఇప్పటి ఇంటర్ లాంటి పరీక్ష దాటలేదు, ఉద్యోగం లేదు. కలెక్టర్ ఆర్. రామచంద్రరావు గారు. లెక్కలంటే ప్రాణం, ఇండియన్ మ్యాథమెటికల్ సొసైటీ కార్యదర్శి కూడా. మొదట నమ్మలేదు. మళ్ళీ మళ్ళీ మాట్లాడాక నమ్మకం కుదిరింది. తన జేబులోంచి నెలనెలా డబ్బు పంపారు. ఒక జిల్లా కలెక్టర్ తీరిక చేసుకుని ఎవరో కుర్రాడి నోటుపుస్తకం చదవడం! ఇప్పుడు అపాయింట్‌మెంట్ దొరికితే అదే గొప్ప.

1912 మార్చిలో పోర్టు ట్రస్టులో గుమస్తా పని, జీతం 30 రూపాయలు. 1913 జనవరిలో కేంబ్రిడ్జి గణితవేత్త హార్డీకి ఉత్తరం. ఆ మే నెల నుంచి మద్రాసు విశ్వవిద్యాలయం ఆయనకు రీసెర్చ్ స్కాలర్‌షిప్ ఇచ్చింది, నెలకు 75 రూపాయలు, రెండేళ్ళకు. ఎమ్మే ఉన్నవాళ్ళకిచ్చే స్కాలర్‌షిప్ అది. ఈయనకు బీయే కూడా లేదు. అయినా సిండికేటు ఇచ్చింది. ఇవాళ ఏ యూనివర్సిటీలోనైనా ఆ ఫైలు మొదటి గుమస్తా బల్ల దగ్గరే ఆగిపోతుంది. "డిగ్రీ సర్టిఫికెట్ జత చేయలేదు" అని రాసి వెనక్కి పంపిస్తారు. (నవ్వులు)

ఊరికే ఇవ్వలేదు. మూడు నెలలకోసారి ఏం చేశావో రిపోర్టు రాయాలని షరతు. అదీ రీసెర్చ్ అవుట్‌పుటే! ఇంగ్లండు వెళ్ళేలోపు మూడు రిపోర్టులు ఇచ్చాడు. వాటిలో ఒక సూత్రం ఉంది, దాన్ని ఇప్పుడు రామానుజన్ మాస్టర్ థీరమ్ అంటారు. కష్టమైన ఇంటిగ్రల్స్ తేల్చడానికి ఈనాటి భౌతికశాస్త్రం వాళ్ళు కూడా వాడతారు. కాబట్టి రిపోర్టు అడగడం తప్పని నేననను. 75 రూపాయలు ఇచ్చినవాడు ఏం చేస్తున్నావని అడగాలి. అయితే వాళ్ళు అడిగింది నువ్వు ఏం కనుక్కున్నావని. ఎన్ని అని అడగలేదు.

ఆఖరి ఏడాది సంగతి ఇంకా ఉంది. ఇంగ్లండు నుంచి జబ్బుతో తిరిగి వచ్చేటప్పుడు ఇదే విశ్వవిద్యాలయం 1919 ఏప్రిల్ నుంచి అయిదేళ్ళపాటు ఏడాదికి 250 పౌన్లు ఇస్తామంది. ఆయన ఒక ఏడాది మాత్రమే బతికారు. 1920 ఏప్రిల్ 26న ఇక్కడే, చెట్‌పెట్‌లో పోయారు. ఆ ఏడాదిలో మంచం మీద పడుకుని మాక్ థీటా ఫంక్షన్లనే కొత్త రకం గణిత ఫంక్షన్ల మీద పనిచేశారు. జనవరిలో హార్డీకి రాసిన ఆఖరి ఉత్తరంలో వాటి గురించి ఉంది. ఆ కాగితాలు చాలావరకు కేంబ్రిడ్జిలో ఒక లైబ్రరీ పెట్టెలో ఉండిపోయాయి. 1976లో అమెరికా గణితవేత్త జార్జ్ ఆండ్రూస్ కంటపడ్డాయి. ఆ ఫంక్షన్లు అసలు ఏ జాతివో, వేటికి బంధువులో తేల్చింది 2002లో, నెదర్లాండ్స్‌లో జ్వెగెర్స్ అనే పరిశోధక విద్యార్థి పీహెచ్‌డీ గ్రంథంలో. 82 ఏళ్ళు పట్టింది. మద్రాసు విశ్వవిద్యాలయం 1919లో పెట్టిన ఖర్చుకు రసీదు 2002లో వచ్చింది.

ఇప్పుడు మన కాలం లెక్కలు చూద్దాం, త్వరగా. ఇంపాక్ట్ ఫ్యాక్టర్ అని విని ఉంటారు. ఒక పత్రికలో గత రెండేళ్ళలో వచ్చిన వ్యాసాలను ఈ ఏడాది సగటున ఎన్నిసార్లు ఉటంకించారన్నది ఆ అంకె. రెండేళ్ళు! గణితంలో రెండేళ్ళంటే వ్యాసం దాన్ని పరీక్షించే రిఫరీ బల్ల మీద ఉండే కాలం. హెచ్-ఇండెక్స్ అని ఇంకోటి, 2005లో హిర్ష్ అనే భౌతికశాస్త్రవేత్త పెట్టింది. కనీసం ఇరవై సార్లు ఉటంకించిన వ్యాసాలు ఇరవై ఉంటే ఇండెక్సు ఇరవై. భౌతికశాస్త్రానికి బాగానే కుదిరిందేమో. మన ప్రభుత్వ ర్యాంకులు, ఎన్‌ఐఆర్‌ఎఫ్, 2016 నుంచి వస్తున్నాయి. అందులో విశ్వవిద్యాలయాలకైతే నూటికి 30 పాళ్ళు పరిశోధనకు. ర్యాంకులే వద్దనేవాణ్ణి కాను. అంతకుముందు ప్రతి కాలేజీ తనే నంబర్ వన్ అని బస్సుల వెనక రాయించుకునేది.

కానీ ఒకటి గమనించండి. ప్రపంచంలో ఎక్కువగా ఉటంకించబడే పరిశోధకులు వీళ్ళని క్లారివేట్ అనే సంస్థ ఏటా జాబితా వేస్తుంది. 2023లో ఆ జాబితాలోంచి గణితాన్ని పూర్తిగా తీసేసింది. ఎందుకంటే, గణితంలో వ్యాసాలు తక్కువ, ఉటంకింపులు ఇంకా తక్కువ. కొద్దిమంది కూడబలుక్కుని ఒకరినొకరు ఉటంకించుకుంటే చాలు, జాబితా పైకి ఎక్కేస్తారు. లెక్కల్లోనే లెక్క తప్పింది.

ఈ రొంపిలో నేనూ కాలు పెట్టాను, దాచుకోవడం దేనికి. నేను పనిచేసిన ఒక కాలేజీలో, పేరు వద్దు లెండి, ఏడాదికి రెండు పేపర్లు వేయకపోతే ఇంక్రిమెంట్ ఆపుతామన్నారు. నాకు టెన్షన్ పట్టుకుంది. సరిగ్గా అప్పుడే ఒక ఈమెయిల్. "గౌరవనీయ మహాశయా, మీ పరిశోధన మాకు అమితంగా నచ్చింది, మీ వ్యాసాన్ని మూడు రోజుల్లో అచ్చువేస్తాం, రుసుము ఇంత." ఏ పరిశోధన నచ్చిందో రాయలేదు. పత్రిక పేరులో ఇంటర్నేషనల్ ఉంది, అడ్వాన్స్‌డ్ కూడా ఉంది. డబ్బు కట్టాను. పాత నోట్సులోంచి ఒక చిన్న ఫలితం పంపాను. మూడు రోజులన్నారు, రెండో రోజుకే అచ్చయింది. చూస్తే మూడో పేజీలో గుర్తు ఒకటి తప్పు, ప్లస్ ఉండాల్సిన చోట మైనస్. అది నా తప్పే. రిఫరీ అనేవాడు ఒకడుంటే రెండు నిమిషాల్లో పట్టుకునేవాడు. ఇంక్రిమెంట్ వచ్చింది. ఆ మైనస్ ఇప్పటికీ ఇంటర్నెట్‌లో ఉంది. (నవ్వులు) 2018లో యూజీసీ ఒక్కసారిగా 4,305 పత్రికలను తన ఆమోదిత పత్రికల జాబితా నుంచి తీసేసింది. ఆ వార్త చూసి మా ఆవిడ, "మీది కూడా పోయిందా?" అని అడిగింది. జాబితా వెతకడానికి ధైర్యం చాలలేదు. 2022 నవంబరులో, పీహెచ్‌డీ ఇవ్వాలంటే ముందు పేపరు వేసి తీరాలన్న నిబంధనను కూడా యూజీసీ ఎత్తేసింది. ఆలస్యమైనా మంచి పనే.

సామాజిక శాస్త్రాల సంగతి ఇంకా చిక్కు. అక్కడ ఫలితం రావడానికే కాదు, ముడిసరుకు పోగవడానికే ఏళ్ళు పడుతుంది. 1915లో మద్రాసు విశ్వవిద్యాలయానికి ఇండియన్ ఎకనామిక్స్ మొదటి ప్రొఫెసరుగా గిల్బర్ట్ స్లేటర్ వచ్చారు. అంతకుముందు ఆక్స్‌ఫర్డ్‌లో కార్మికులు చదువుకునే రస్కిన్ కాలేజీకి ప్రిన్సిపాల్. ఆయన ఇక్కడికి వచ్చి ఏం చేశారంటే, పిల్లలకు ఒక ప్రశ్నావళి ఇచ్చి, సెలవులకు మీ ఊరు వెళ్తారుగా, ఊళ్ళో ఎంత భూమి, ఎవరి చేతిలో ఉంది, కూలి ఎంత, అప్పు ఎంత, రాసుకురండి అన్నారు. హోంవర్కు! 1918లో అది పుస్తకమైంది. ఇరువేల్‌పట్టు, వడమలైపురం, గంగైకొండాన్, పాలకురిచ్చి, దూసి, ఇలాంటి ఊళ్ళు. ఆర్థికశాస్త్రంలో వీటిని స్లేటర్ గ్రామాలంటారు.

ఆ కుర్రాళ్ళు రాసుకొచ్చింది అప్పటికప్పుడు చూస్తే పెద్ద సిద్ధాంతమేమీ కాదు. నేనే గనక ర్యాంకులిచ్చే కమిటీలో ఉంటే సున్నా వేసేవాణ్ణేమో. కానీ 1936లో పి.జె. థామస్, కె.సి. రామకృష్ణన్ మళ్ళీ అవే ఊళ్ళకు పిల్లల్ని పంపించారు. 1961లో మళ్ళీ వెళ్ళారు. ఇప్పటి విళుప్పురం జిల్లాలో ఉన్న ఇరువేల్‌పట్టుకు 1981లో వెళ్ళారు, 2008లో వెళ్ళారు. ఒకే ఊరు, పిల్లలు మొదట వెళ్ళిన 1916 నుంచి లెక్కేస్తే 92 ఏళ్ళు. ఊరంతా పెద్ద భూస్వాముల చెప్పుచేతల్లో ఉన్న రోజుల నుంచి, ఆ పట్టు సడలి, కూలీలు ఊరి బయట పని వెతుక్కునే రోజుల దాకా, ఫొటోలు వరసగా పేర్చినట్టు కనిపిస్తుంది. ఒక్క ఫొటో విలువ ఎంతని అడిగితే ఏం చెబుతాం? రెండోది తీసినప్పుడే మొదటిదానికి విలువ వచ్చింది. ఇలా మళ్ళీ మళ్ళీ వెళ్ళినవాళ్ళలో ఇక్కడ అడయారులో ఉన్న మిడ్స్, అంటే మద్రాస్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డెవలప్‌మెంట్ స్టడీస్ వాళ్ళు ఉన్నారు. 1971లో మాల్కం ఆదిశేషయ్య గారు పెట్టిన సంస్థ అది.

బెంగళూరు వాళ్ళు అలగకుండా ఒక మాట. సోషియాలజీ పండితుడు ఎం.ఎన్. శ్రీనివాస్ 1948లో మైసూరు దగ్గర ఒక ఊళ్ళో ఉండి నోట్సు రాసుకున్నారు. 1970లో అమెరికాలో ఆయన ఉన్న ఆఫీసుకు ఎవరో నిప్పుపెడితే, ఆ నోట్సు నుంచి శ్రద్ధగా తయారుచేసుకున్న ప్రతులన్నీ కాలిపోయాయి. గుర్తున్నదాన్ని బట్టి రాశారు. పుస్తకం 1976లో వచ్చింది. తర్వాతి కాలంలో ఆయన పనిచేసింది బెంగళూరులోనే, ఐసెక్ అనే సామాజిక శాస్త్రాల సంస్థలో. 1948 నుంచి 1976 వరకు ఏటా ఫారం నింపమని ఉంటే ఆ పుస్తకం గడిలో ప్రతి ఏడూ సున్నాయే.

ఇప్పుడు మా ఇంటి సంగతి. మా చెల్లెలి కూతురు ఇక్కడే పీహెచ్‌డీ చేస్తోంది. ఓఎంఆర్ (పాత మహాబలిపురం రోడ్డు) వైపు కట్టే అపార్ట్‌మెంట్లలో పనిచేసే తెలుగు కూలీల మీద. శ్రీకాకుళం, విజయనగరం నుంచి వచ్చినవాళ్ళు. 2014 జూన్‌లో మౌలివాక్కంలో 11 అంతస్తుల భవనం కూలి 61 మంది చచ్చిపోయారు, గుర్తుందా? అందులో ఆ జిల్లాల వాళ్ళు ఎందరో ఉన్నారు. అప్పుడు ఇది స్కూల్లో చదువుతోంది. టీవీలో ఆస్పత్రి బయట తెలుగులో ఏడుస్తున్న ఆడవాళ్ళను చూసి, "మామయ్యా, వీళ్ళు ఇక్కడెందుకున్నారు?" అని అడిగింది. పీహెచ్‌డీ విషయం అప్పుడే దొరికిందేమో.

మొదటి ఎనిమిది నెలలు దానితో ఎవరూ మాట్లాడలేదు. రేకుల షెడ్ల దగ్గరకు వెళ్తే, కంపెనీ మనిషనుకున్నారు, లేకపోతే ప్రభుత్వ మనిషనుకున్నారు. ఒకామె సూటిగా అడిగింది, "నువ్ రాసుకుంటే మాకేటొస్తాదమ్మా?" అని. దీని దగ్గర జవాబు లేదు. ఆదివారాలు వెళ్ళి పిల్లలకు తెలుగు అక్షరాలు దిద్దించడం మొదలుపెట్టింది. అక్కడ బడి తమిళం, ఇంట్లో తెలుగు, పిల్లలు రెంటికీ చెడుతున్నారు. అలా చేరువైంది. ఆ ఎనిమిది నెలలకు డిపార్ట్‌మెంట్ ఫారంలో పబ్లికేషన్స్ గడిలో ఏం రాయాలని నన్నడిగింది. నిల్ అని రాయమ్మా అన్నాను. ఇంకేం చెప్పను?

తెలుగులో ఒక మాసపత్రికకు వ్యాసం రాసిందది. చాలా బాగుంది. మా అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ చదివి, "ఇది మా బావ గురించే సార్" అన్నాడు. ఫారంలో దానికి మార్కుల్లేవు, అంతర్జాతీయ డేటాబేసులో లేదు కాబట్టి. పావులూరి మల్లన పదకొండో శతాబ్దంలోనే మహావీరాచార్యుల సంస్కృత గణిత గ్రంథాన్ని తెలుగు పద్యాల్లో పెట్టాడు. లెక్కలే తెలుగులో చెప్పగలిగినప్పుడు, తెలుగు కూలీల కష్టాన్ని తెలుగులో రాస్తే పరిశోధన కాకుండా ఎలా పోతుందో నాకు అర్థం కాదు.

ఇదే మద్రాసు విశ్వవిద్యాలయం 1946లో విజయనగర చరిత్రకు ఆధారాలంటూ మూడు సంపుటాలు వేసింది. నీలకంఠశాస్త్రి గారు, మన నేలటూరి వెంకటరమణయ్య గారు కలిసి చేసిన పని. తెలుగు కావ్యాల్లోంచి, ఊళ్ళ చరిత్రలు రాసిపెట్టిన కైఫీయతుల్లోంచి ఏరిన ముక్కలెన్నో అందులో ఉన్నాయి. చరిత్ర పరిశోధకులు ఇప్పటికీ వాటిని తిరగేస్తూనే ఉన్నారు.

ఇంకొక్కటి చెప్పి ప్రశ్నలకు వస్తాను. మనుషుల లెక్క. మచిలీపట్నంలో పుట్టిన కొమరవోలు చంద్రశేఖరన్ బాపట్లలో చదువుకుని మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీకి వచ్చారు. ఆనందరావు గారి దగ్గర పీహెచ్‌డీ. ఆనందరావు గారు హార్డీ శిష్యుడు. ప్రిన్స్‌టన్ వెళ్ళిన చంద్రశేఖరన్‌ను భాభా 1949లో బొంబాయి పిలిచారు, టాటా ఇన్‌స్టిట్యూట్‌లో గణితం నిలబెట్టమని. ఆ వేళకే ఇక్కడ లయోలా కాలేజీలో ఫాదర్ రసీన్ అనే ఫ్రెంచి ఫాదరీ పాఠాలు చెబుతున్నారు. ఆయన ఇవాళ గుర్తున్నది శిష్యుల వల్లే. తెలివైన పిల్లల్ని, ఇక్కడ కాదు, బొంబాయి వెళ్ళండి అని పంపించేవారు. అలా వెళ్ళినవాళ్ళే శేషాద్రి, ఎం.ఎస్. నరసింహన్. 1965లో వాళ్ళిద్దరూ కలిసి రాసిన సిద్ధాంతం ఒకటి ఉంది. 18 ఏళ్ళ తర్వాత ఇంగ్లండు గణితవేత్త డొనాల్డ్‌సన్ దానికి కొత్త రుజువు ఇచ్చాక దాని లోతు మరింత మందికి తెలిసింది. ఆ శేషాద్రి గారే మద్రాసు తిరిగి వచ్చి 1989లో మొదలుపెట్టిన గణిత పాఠశాల ఇవాళ్టి చెన్నై మ్యాథమెటికల్ ఇన్‌స్టిట్యూట్, సిరుసేరిలో. లయోలా నుంచి బొంబాయికి పోయిన నీళ్ళు సిరుసేరిలో తేలాయి. లయోలా కాలేజీ ఏ పట్టికలో ఇది వేసుకుంటుంది? విద్యార్థిని బయటికి పంపించడం కూడా పరిశోధనా ఫలితమేనని నేనంటాను. ఒప్పుకోని వాళ్ళు ఉంటారు.

ఇక అడగండి.

(సభలోంచి: మా అబ్బాయిని మరి ఎక్కడ చేర్చమంటారు?)

మూడో వరుస కదా, తెలుసు మీరడుగుతారని. (నవ్వులు) పట్టిక చూడండి, వద్దనను. తర్వాత బండి తీసుకుని అక్కడికి వెళ్ళండి. నోటీసు బోర్డు చూడండి, సెమినార్లు జరుగుతున్నాయా, ఈ నెల కాగితమే ఉందా, నిరుడు సంక్రాంతి నాటిది వేలాడుతోందా. లైబ్రరీ సాయంత్రం ఎన్ని గంటల దాకా ఉంటుందో అడగండి. మొదటి ఏడాది పిల్లలకు పాఠం ఎవరు చెబుతారో అడగండి. పేపర్లు వేసేవాళ్ళు పేపర్లు వేస్తూ, పాఠాలు గెస్ట్ లెక్చరర్లకు వదిలేసిన చోట మీవాడికి ఒరిగేదేమీ ఉండదు. ఆఖరిది, ఒక క్లాసు బయట అయిదు నిమిషాలు నిలబడండి. ఎవడైనా లేచి ప్రశ్న అడుగుతున్నాడేమో వినండి.

(ఒక విద్యార్థిని: పేపర్ల సంఖ్య వద్దంటే, పరిశోధన మంచిదో కాదో ఎవరు చెప్పాలి సార్? పీర్ రివ్యూ అయినా ఉండాలి కదా?)

ఉండాలమ్మా. నా మైనస్ గుర్తు కథ విన్నావు కదా. రిఫరీ కావాల్సిందే. కాకపోతే రిఫరీ ఎక్కడ దొరుకుతాడో చెప్పలేం. మా మేనకోడలు రాసిన ఒక అధ్యాయం పోయిన నెల ఆ షెడ్ల దగ్గర చదివి వినిపించింది, తెలుగులో. నన్ను తోడు రమ్మంది. గోడ రేకు మీద సుద్దముక్కతో పటాలు గీసే పని నాది. కూలి గురించి రాసిన చోట, ప్రతి శనివారం ఇంత ముడుతుంది, దాన్ని బట్టి నెలకింత ఆదాయం అని లెక్క వేసింది. వెనక నుంచి ఒక మేస్త్రీ బీడీ ఆర్పి లేచాడు. "శనివారం ఇచ్చీది కూలి కాదమ్మా, కర్సులికి. కూలి లెక్క తేల్చీది పండక్కి ఊరెల్లినప్పుడే. అంతవరకూ మా డబ్బు ఆల్ల దగ్గిరే" అన్నాడు. దాని పట్టికలన్నీ ఆ ఒక్క మాటతో పోయాయి. వారం వారం అందే ఖర్చుల డబ్బును కూలి అనుకుంది. నేను కూడా ఆ పట్టికలు రెండుసార్లు చూశాను, కూడికలు సరిగ్గా ఉన్నాయని చెప్పాను.

ఇప్పుడు ఆ అధ్యాయం మొదటి నుంచి మళ్ళీ రాస్తోంది. సంక్రాంతికి వాళ్ళు ఊరు వెళ్ళేటప్పుడు లెక్క ఎలా తేలుస్తారో చూశాకే పూర్తి చేస్తుందట. డిపార్ట్‌మెంట్ పెట్టిన గడువు మాత్రం దీపావళి.